భుజం తిరిగిన వైపు

ఇసుక చల్లగా ఉండేది.

అరికాళ్ల కింద చల్లగా. వేళ్ల సందుల్లో ఇంకా చల్లగా. తెల్లవారుతుండగా కొబ్బరితోటలో చెప్పుల్లేకుండా నడిస్తే — ఎవరో పరిచి మరిచిపోయిన తడిచీర మీద నడుస్తున్నట్టుండేది.

తోట అవతల సముద్రం. కనపడదు. వినపడుతుంది.

తోట మధ్యలో మా ఆయన. ఆయన కాళ్ల దగ్గర పీచు.

పీచు మా కుక్క. ఎండిన కొబ్బరి డొక్క రంగు, అదే గరుకు. అందుకే ఆ పేరు. జాతి లేదు. ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒక చెవి వాలి ఉంటుంది. సంతోషం వస్తే వాలిన చెవి కూడా లేస్తుంది.

పెళ్లయి పన్నెండు రోజులు. గోళ్ల అంచుల్లో పారాణి ఇంకా పోలేదు.

నాకు అన్నీ బాగుండేవి. తలుపు మేకుకు వేలాడే ఆయన చొక్కా బాగుండేది. కోటబొమ్మాళిలో మా ఇంట్లో పొద్దున్నే లారీలు వినపడేవి, ఇక్కడ ఆకులు వినపడతాయి — అది బాగుండేది. ఆయన పేరు ఢిల్లీరావు. ఇచ్ఛాపురం దాటి ఎప్పుడూ వెళ్లలేదు. అది మరీ బాగుండేది.

టెక్కలిలో మూడేళ్లు జంతుశాస్త్రం చదివాను. కప్పను కోశాను. బొద్దింకను కోశాను. బతికి ఉన్న జంతువు ఒకటి గాల్లోకి లేచి, గాల్లోనే మలుపు తిరిగి, నేల మీదికి నవ్వుతూ దిగడం మాత్రం ఆ తోటలోనే చూశాను.

తోటలో ఒక ఆట ఉండేది.

ఆ ఆటను తెచ్చినవాడు గున్నయ్య మావ, ఆయనకు మేనమామ. సైన్యంలో కుక్కల దళంలో ఇరవై ఏళ్లు పనిచేసి వచ్చాడు. కొబ్బరిమట్టలు రెండు పాతి, వాటి మీద సరుగుడు కర్ర అడ్డంగా పెట్టాడు — కుక్క దాని మీంచి దూకాలి. సిమెంటు వరలు మూడు పక్కపక్కనే పడుకోబెట్టాడు — కుక్క వాటిలోంచి దూరాలి. ఆ వరలు ఒక నూతికి తెచ్చినవి. ఆ నీళ్లు మంచివి కావని ఎవరో అన్నారట. నుయ్యి ఆగిపోయింది. వరలు మిగిలాయి.

పన్నెండు సరుగుడు కర్రలు వరసగా పాతాడు. కుక్క వాటి మధ్య జడ అల్లినట్టు వెళ్లాలి. కుడి, ఎడమ, కుడి, ఎడమ... ఒక్క కర్ర కూడా వదలకుండా.

దూకు. దూరు. అల్లు.

పక్కన మనిషి పరిగెత్తాలి. కుక్కను ముట్టుకోకూడదు. కుక్క ముందుండాలా, మనిషి ముందుండాలా, ఏ మలుపు దగ్గర ఎవరు ఎటు దాటాలి — అంతా ముందే మనసులో గీసుకోవాలి. దాన్ని గున్నయ్య మావ ఎత్తు అనేవాడు. చదరంగంలో లాగ.

"కుక్క నీ మాట ఇనదమ్మీ," అన్నాడు నాతో మొదటిరోజే. "నీ బుజం ఇంటాది. నీ బుజం ఎటు తిరిగితే అటే ఎల్తాది. నోటితో అబద్దమాడొచ్చు. బుజంతో ఆడనేం."

భుజంతో ఆడలేం.

ఆయన పరిగెత్తేవాడు. లుంగీ పైకి కట్టి, మోకాళ్లకు ఇసుక అంటుకుని, తోటలో చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎండ పడిన చోట వెలుగుతూ, నీడ పడిన చోట ఆరుతూ. పక్కనే పీచు. ఇద్దరిలో ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో చెప్పలేను. చివరి కర్ర దాటగానే ఆయన ఇసుకలో కూలబడేవాడు. పీచు ఆయన మీద పడేది. నేను నవ్వుతూ ఎండు మెత్తళ్ల చేపలు విసిరేదాన్ని. ఇద్దరికీ.

అందరూ పెళ్లికి ముందు ప్రేమలో పడతారు.

నేను పెళ్లయ్యాక పడ్డాను. ఆ పరుగు చూసి.

పక్కింటి సన్యాసమ్మ కంచె మీంచి తొంగి చూసేది. "ఒలే సౌజన్యా! మీ ఆయన కుక్కకి నేరుపుతున్నాడా, కుక్కే మీ ఆయనకి నేరుపుతున్నాదా?"

"ఇద్దరూ కలిసి నాకు నేర్పుతున్నారు పిన్నీ!"

"ఏటి? దూకడమా?"

నవ్వులు. తోటంతా నవ్వులు.

దసరా వెళ్లాక కబురొచ్చింది. ఫిబ్రవరిలో టెక్కలిలో పశువుల ప్రదర్శన. ఈసారి కుక్కలకు అడ్డంకుల పరుగు కూడా. ఊరకుక్కలకూ ప్రవేశం ఉందట. గున్నయ్య మావ తన పాత టోపీ తీసి దులిపాడు.

టెక్కలి. నా కాలేజీ ఊరు. అక్కడ, అంతమంది ముందు, నా మొగుడు నా కుక్కతో పరిగెత్తుతాడు. ఏ చీర కట్టుకోవాలో అప్పుడే అనుకున్నాను.

ఆ నెలలోనే ఆయన ఇసుక మీద గీత గీశాడు.

కొబ్బరి ఈనెతో, అడ్డంగా, ఒక గీత.

"ఇదేటి బావా?"

"ఇక నుంచి నాను ఇది దాటను. ఇవతలే ఉంటాను. అదొక్కతే ఎల్లి రావాల."

"పరిగెట్టవేటి?"

"పరిగెట్టీది సిన్నాట. నిలబడి నడిపించీది పెద్దాట." కన్ను గీటాడు. "ఎత్తే ఇది. ఎవులికీ సెప్పకు."

ఎవరికీ చెప్పకు అంటే నేను అందరికీ చెప్పాను. ఎస్టీడీ బూతు నుంచి మా అమ్మకు చెప్పాను. స్నేహితురాలికి ఉత్తరం రాశాను. మా ఆయన కదలకుండా కుక్కను ఆడిస్తాడు తెలుసా... చేయి చాపితే దూకుతుంది, భుజం తిప్పితే మళ్లుతుంది... తోలుబొమ్మలాట లాగ, దారాలు మాత్రం లేవు...

గీత ప్రతి వారం వెనక్కి జరిగేది.

మొదట మట్టల దాకా వెళ్లేవాడు. తర్వాత వరల దాకా. తర్వాత వరల దాకా కూడా కాదు. చివరికి ఒక కొబ్బరిమొద్దు వేయించుకుని దాని మీద కూర్చున్నాడు. నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. ఎంత బాగుందో! ఇదివరకు ఆ పొద్దంతా కుక్కదే. ఇప్పుడు సగం నాది. ఆయన భుజానికి నా భుజం ఆనించి కూర్చుంటే, ఆయన చేయి ఎత్తినప్పుడల్లా నా చేయి కూడా కొంచెం లేచేది.

సంతోషించాను.

దేవుడా... ఆ మొద్దు మీద కూర్చుని నేను ఎంత సంతోషించాను.

పీచుకు మాత్రం ఆ ఆట నచ్చలేదు. ప్రతి అడ్డంకి దగ్గరా ఆగి వెనక్కి చూసేది. దూకడానికి ముందు ఒకసారి. దూకాక ఒకసారి. ఆయన ఉన్నాడా, లేచాడా, వస్తున్నాడా... గున్నయ్య మావ తిట్టేవాడు, కుక్క బద్ధకించిందని.

బద్ధకం కాదు. అది ముందే కనిపెట్టింది. ఆయన పరుగు తగ్గకముందే తన పరుగు తగ్గించుకుంది.

వెనక్కి చూడకపోవడం దానికి నేర్పాలి. చూస్తే మెత్తళ్లు లేవు. చూడకుండా ముందుకు పోతే — ఎంత దూరం పోతే అంత దూరంలో పడుతుంది చేప.

"పో," అనేవాడు ఆయన, మెల్లగా. "పో... పో..."

వెనక్కి చూడకపోవడం నేర్పడానికి నెల పట్టింది.

ఆ నెలాఖరున ఒక మధ్యాహ్నం. అరుగు మీద ఆయన నడుం వాల్చాడు. నేను ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకున్నాను. బొద్దుగా ఉన్నాయి. పెళ్లిలో అలా లేవు. అత్తవారింటి వంట నాకు పట్టాలి గాని ఈయనకు పట్టిందేమిటి అని నవ్వుకున్నాను. చీలమండ మీద బొటనవేలితో నొక్కాను.

సొట్ట పడింది.

వేలు తీసినా సొట్ట పోలేదు.

భలేగా ఉంది. పక్కన ఇంకోటి నొక్కాను. ఇంకోటి. నాలుగు సొట్టలు చిన్నగా, ఒకటి పెద్దగా... కుక్క అడుగు! ఆయన కాలి మీద పీచు అడుగు వేశాను. మోకాలి దాకా అడుగులు వేసుకుంటూ పోయాను. ఒక్కోటి మెల్లగా, చాలా మెల్లగా పూడుతోంది.

"సూడు బావా, పీచు నీ మీద నడిచెల్లిపోయింది!"

ఆయన నవ్వలేదు.

గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. చేతిలో చేట. అందులో బియ్యం. ఆమె చూపు ఆ సొట్టల మీద. ఒక్కొక్కటీ చూస్తోంది. వచ్చి, తన కొంగు తీసి, ఆయన పాదాల మీద కప్పింది.



ఆ కొంగు కప్పిన తీరులో నాకు తెలిసింది. ఆమె ఆ సొట్టలను ఇంతకుముందు చూసింది. ఇంకొకరి కాళ్ల మీద.

మామగారు నేను రాకముందే పోయారు. ఏమైందంటే, "వయసు" అన్నారు. గోడ మీద ఫొటోలో ఆయన జుట్టంతా నలుపు. ఆరు నెలలుగా ఆ ఫొటోకు దండం పెడుతున్నాను. జుట్టు చూడలేదు.

మూత్రపిండాలు దెబ్బతింటే కాళ్లకు నీరు దిగుతుంది. ఆ మూత్రపిండం బొమ్మ గీశాను నేను. రెండో సంవత్సరంలో. రంగు పెన్సిళ్లతో, లోపలి గొట్టాలన్నీ విడివిడిగా. బాగుందని మేడమ్ తరగతికంతా చూపించింది.

ఆ కాళ్ల మీద ఆడుకున్నాను నేను.

"ఈ ఊళ్లలో అది ఉన్నాదమ్మీ," అంది మా అత్తయ్య రత్నాలమ్మ. బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు. "మీ మావకి రగతం తీసినారు. కాయితం మీద అంకె వచ్చినాది. ఆ అంకె మాకంటే ముందు ఊరంతా తిరిగినాది. మా పెద్దదాని సంబంధం రెండుసార్లు ఎనక్కి పోయినాది. అందుకే... పెళ్లయ్యేదాక ఈడి రగతం ఇయ్యొద్దని నానే సెప్పినాను. ఇక్కడ అందరమూ అంతే. పెళ్లికి ముందు ఎవులూ ఇయ్యరు."

తెలియకపోతే అబద్ధం కాదు కదా... అదీ వాళ్ల లెక్క. రక్తం ఇవ్వకపోతే అంకె రాదు. అంకె రాకపోతే జబ్బు రాదు.

"నన్ను తిట్టమ్మీ," అంది. "ఆడిని తిట్టకు."

నేను ఎవరినీ తిట్టలేదు. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పీచుకు అన్నం పెట్టాను. దానితో కూడా మాట్లాడలేదు.

మూడో రోజు మొద్దు దగ్గరికి వెళ్లాను. ఆయన కూర్చుని ఉన్నాడు. నేను నిలబడే ఉన్నాను.

"నీకు తెలుసా?"

"అంకె తెల్దు."

"నేనడిగింది అంకె కాదు."



"పరిగెడితే తెలిసీది," అన్నాడు. "ఆయాసం... సివరి కర్ర కాడ కళ్లు సీకట్లు కమ్మీవి. ఎండనుకున్నాను. ఎండనుకుందామనుకున్నాను."

"మరి ఎత్తు అన్నావు."

"ఎత్తే గదా."

"బావా."

"అబద్దం కాదే పిల్లా. మావనడుగు. నడవనేని దొరలు కూడా ఆడతారంట ఈ ఆట. కుర్సీలో కూకుని. పరిగెట్టనేనోడికి కూడా ఒక ఆట ఉన్నాది." మొద్దు మీద ఇసుక దులిపాడు. "నువ్వు అంత సంబరపడతా ఉంటే... నిజంగానే ఎత్తనిపించినాది."

అప్పుడు కూర్చున్నాను. భుజానికి భుజం ఆనించలేదు. కాసేపయ్యాక ఆనించాను.

పలాస వెళ్లాం. బస్సు దిగగానే జీడిపప్పు వేగుతున్న వాసన. ఆ వాసన అంటే నాకెంతో ఇష్టం. ఆయన కొనిపెట్టాడు కూడా, ఒక పొట్లం. రక్తం ఇచ్చి, ఆ పొట్లం విప్పుకుని, బెంచీ మీద కూర్చుని తిన్నాం, సినిమాకు వచ్చినవాళ్లలాగ. ఆయన రెండు పప్పులు దాచాడు. పీచుకట.

కాగితం ఇచ్చారు.

ఆరు పాయింట్ ఎనిమిది. ఒకటిన్నర దాటకూడనిది.

చదువుకున్నన్నాళ్లూ అంకె పెద్దదైతే ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చి చూపించాను. ఈ అంకెను మడిచి జాకెట్టులో పెట్టుకున్నాను. విశాఖ వెళ్లాలన్నారు. పరిగెత్తొద్దన్నారు. నీళ్లు కొలిచి తాగాలన్నారు.

బస్సులో ఎదురుపడిన ముసలాయన ఒకడు మా చేతిలో ఆసుపత్రి సంచీ చూసి, ఏ ఊరని అడగలేదు. ఎవరబ్బాయివని అడగలేదు.

"ఎంతొచ్చినాదిరా?" అన్నాడు.

మర్నాడు పొద్దున గీత దగ్గర నిలబడ్డాను.

"నాకు నేర్పు."

నేర్పాడు. మొద్దు మీద కూర్చునే. చీర కుచ్చిళ్లు దోపుకుని నేను పరిగెత్తేదాన్ని. పడేదాన్ని. వరల దగ్గర పీచుకంటే ముందుండాలి, అల్లే కర్రల దగ్గర వెనకుండాలి. మొదటి కర్ర దాని ఎడమ భుజానికి తగులుతున్నట్టు రావాలి. కర్రలయ్యాక ఎడమకు తిరగాలి — తల కాదు, భుజం. నడుం. పాదం.

"మొగం తిప్పకు! నువ్వు సూసిన కాడికే అది పోతాది."

"నిన్నెలా చూడను మరి?"

"సూడకు."

చూడకుండా పరిగెత్తడం నాకు రాలేదు. ప్రతిసారీ చివర్లో చూసేదాన్ని. ప్రతిసారీ పీచు ఆట వదిలేసి ఆయన ఒళ్లోకి పోయేది. గున్నయ్య మావ టోపీ తీసి నేలకేసి కొట్టేవాడు.

"కుక్కకి నెల్లో వచ్చినాది! నీకు రాదేటమ్మీ!"

జీడితోటల్లో పూత వచ్చింది. తియ్యగా, కొంచెం వగరుగా వాసన. ఆయనకు ఏ వాసనా పడటం లేదు. అన్నం చూస్తే వాంతి. అయినా టెక్కలి వస్తానన్నాడు. టెక్కలి చూశాకే విశాఖ అన్నాడు. నేను వద్దనలేదు. అనాల్సింది. అనలేదు. ఎందుకంటే నాకూ కావాలి... ఒక్క రోజు, ఒక్క పరుగు, ఆయన కళ్ల ముందు తప్పు లేకుండా పూర్తయిన పరుగు ఒకటి. అది పూర్తయితే ఇంకేదో కూడా సరిగా జరుగుతుందని, చదువుకున్నదాన్ని, నమ్మాను.

టెక్కలి మైదానం. తాడు కట్టి, లోపల అడ్డంకులు. మావి కొబ్బరిమట్టలు, వాళ్లవి తెల్ల రంగు వేసిన కర్రలు. పెద్ద పెద్ద కుక్కలు. మెడల్లో మెరిసే గొలుసులు. మాకు కొబ్బరితాడు.

మొదట కుక్కలు లేకుండా మనుషులు నడిచి చూసుకోవాలి. అందరూ చేయి పక్కకు చాపి, లేని కుక్కను పిలుస్తూ, లేని కుక్కను మళ్లిస్తూ, మెల్లగా పెదాలు కదుపుతూ నడుస్తున్నారు. నేనూ నడిచాను. నా పక్కన ఎవరూ లేరు. చేయి మాత్రం చాపి ఉంది. అలా కూడా నడవొచ్చని అప్పుడే తెలిసింది.

మలుపు దగ్గర తాడు అవతల ప్లాస్టిక్ కుర్చీలో ఆయన. కొత్త చొక్కా. పాదాలకు గున్నయ్య మావ చెప్పులు — తనవి పట్టడం లేదు.

"తర్వాత... పీచు!" మైకులో. "ఊరకుక్క — క్షమించాలి — దేశవాళీ జాతి!"

"ఒరే, ఇది మా ఈదిలో కుక్కలాగే ఉన్నాదిరా!" ఎవరో. నవ్వులు.

ఈల మోగింది.

దూకింది. మళ్లీ దూకింది. నా భుజం తిరిగింది, అది తిరిగింది. గొట్టంలోకి దూరి, నేనెక్కడ ఉండాలో అక్కడ నేనుండగా బయటికి వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి. పీచు వాలిన చెవి లేచింది. పరాయి ఊళ్లో, పరాయి కర్రల మధ్య... కుడి, ఎడమ, కుడి, ఎడమ... పన్నెండో కర్ర.

ఒక్కటి కూడా వదల్లేదు!

ఇక రెండే మిగిలాయి. ఎడమకు తిరగాలి. భుజం. నడుం. పాదం.

ఆ సంతోషం ఒక్కదాన్నే మోయలేకపోయాను. చూశావా బావా — అని...

చూశాను.

నేను చూసిన చోటికే అది పోయింది. ఆట వదిలి, తాడు కింద నుంచి దూరి, ఆయన దగ్గరికి.

ఆయన చేతులు చాపలేదు. ఒళ్లోకి తీసుకోలేదు. తోక ఊపుతున్న దాని కళ్లలోకి ఒక్కసారి చూశాడు. చెయ్యి ఎత్తాడు.

పెదాలు కదిలాయి. వినపడలేదు. నాకు తెలుసు ఆ మాట.

పీచు కదల్లేదు.

అప్పుడు ఆయన కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, బలమంతా పెట్టి, భుజం తిప్పాడు. దాని నుంచి. నా నుంచి. మాకు వీపు కనపడేలా. కొత్త చొక్కా వీపు... మడత విప్పిన గీతలు ఇంకా పోలేదు.

పీచు వెనక్కి తిరిగింది. తాడు దగ్గర ఆగింది. నన్ను చూస్తోంది.

గడియారం నడుస్తోంది. మైకు ఏదో అంటోంది. "తిరుగమ్మీ! తిరుగు!" గున్నయ్య మావ అరుపు.

నేను ఎడమకు తిరిగితే అది వస్తుంది. ఎడమకు తిరిగితే ఆయన నా వీపు వెనకుంటాడు.

భుజం.

నడుం.

పాదం... తిరిగింది.

అరికాళ్ల కింద నేల కాలుతోంది.